రెండు భాషల నడుమ దుబాసీ

దసరాకు హైదరాబాద్ నుంచి కొడుకు ఊరొస్తాడు. జనగామలో రైలు దిగి, లింగాల ఘనపూర్ దిక్కు ఆటో ఎక్కి, భుజాన లాప్‌టాప్ సంచితో ఇంట్లో అడుగుపెడతాడు. రెండోరోజు తీరిగ్గా కూర్చున్నప్పుడు తల్లి అడుగుతుంది: 'ఇంతకూ నువ్వు ఏం పని జేస్తవు కొడుకా?'

'సాఫ్ట్‌వేర్ అమ్మా.'

'గదైతే ఎరికే. అండ్ల ఏం జేస్తవు?'

అక్కడితో ఆ సంభాషణ ఆగిపోతుంది. జనగామ జిల్లాలోనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల ఇళ్ళలో ఇదే తంతు. తండ్రి నాగలి పట్టేవాడైతే నాగలి గురించి కొడుక్కి తెలుసు. మగ్గం నేసేవాడైతే పలక, కండె, పోగు గురించి తెలుసు. కొడుకు పని గురించి మాత్రం తల్లిదండ్రులకు తెలియదు. చెబితే అర్థం కాదేమోనని పిల్లలు, అడిగితే విసుక్కుంటారేమోనని పెద్దలు! ఇద్దరూ తెలుగే మాట్లాడతారు. అయినా మధ్యలో ఏదో అడ్డం.

విచిత్రమేమిటంటే, ఆ కుర్రాడు ఆఫీసులో చేసేది చాలాసార్లు సరిగ్గా ఇలాంటి అడ్డాన్ని తొలగించే పనే. ఒకరి భాష ఇంకొకరికి రాని రెండు ప్రోగ్రాముల మధ్య మాట నడిపించడం. ఒకప్పుడు కోస్తా తీరంలో ఈ పని చేసేవాణ్ణి 'దుబాసీ' అనేవారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టాక, దొరకు తెలుగు రాక, నేతగాడికి ఇంగ్లీషు రాక, ఇద్దరి నడుమ నిలబడ్డ ద్విభాషి వాడు. వాడు మాట తప్పుగా చేరవేస్తే నష్టం దొరకో, నేతగాడికో తప్ప వాడికి కాదు. అందుకే దుబాసీకి భాష ఒక్కటే వస్తే చాలదు, నమ్మకం కూడా కావాలి. కంప్యూటర్‌లో కూర్చోబెట్టే దుబాసీకీ అంతే.

కమ్మరి కొలిమి లాంటి ఎడిటర్

ప్రోగ్రాము రాసేవాళ్ళు రోజంతా గడిపేది టెక్స్ట్ ఎడిటర్‌లో. పేరుకు అక్షరాలు టైపు చేసే పలకే. నిజానికి అది కమ్మరి కొలిమి లాంటిది. పనిముట్లన్నీ అందులోనే ఉంటాయి. రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటం, తప్పుంటే ఎర్రగీత గీయడం, సగం పేరు కొడితే మిగతా సగం అందించడం... అన్నీ అక్కడే జరగాలి.

ఇలాంటి ఎడిటర్లలో తాతముత్తాతల కాలం నాటిది 'ఈమ్యాక్స్'. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1976లో దాని తొలిరూపం పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో అందరికీ ఉచితంగా పంచుకునేందుకు విడుదల చేసిన 'గ్నూ ఈమ్యాక్స్' నేటికీ వాడకంలో ఉంది. దాని పునాది సి భాషలో ఉంటుంది. పైన గోడలు, కిటికీలు, అలమరాలు... దాదాపు అన్నీ లిస్ప్ అనే భాషలో ఉంటాయి. వాడేవాడికి నచ్చకపోతే ఎడిటర్ నడుస్తుండగానే గోడ జరుపుకోవచ్చు, కిటికీ పెంచుకోవచ్చు. ఆ సౌకర్యానికే చాలామంది దాన్ని వదలరు.

చిక్కు ఎక్కడొచ్చింది? 1991లో పైథాన్ అనే భాష వచ్చింది. నేర్చుకోవడం తేలిక. పదేళ్ళు తిరిగేసరికి ఎన్నో పనులకు పనికొచ్చే సరుకంతా పైథాన్‌లో పోగుపడింది. ఎడిటర్ ఏమో లిస్ప్ మాట్లాడుతుంది. కావలసిన సరుకేమో పైథాన్ ఇంట్లో ఉంది. సరుకంతా మళ్ళీ లిస్ప్‌లో రాయాలంటే ఏళ్ళు పడుతుంది. ఎడిటర్‌ను మార్చుకోవాలంటే చేతికి అలవాటైన కొడవలి పారేసినట్టే. మిగిలిన దారి ఒక్కటే. రెండిళ్ళ మధ్య తలుపు తెరవాలి. వినడానికి ఎంత సులువో! తెరిచి చూస్తేనే తెలుస్తుంది అసలు తకరారు.

ఏ ఘనపూర్?

మొదటి తకరారు పేర్లతో. బస్సెక్కి 'ఘనపూర్‌కు ఒకటి' అంటే కండక్టర్ ఊరికే టికెట్ కొట్టడు. 'ఏ ఘనపూర్?' అంటాడు. స్టేషన్ ఘనపూర్ ఉంది. లింగాల ఘనపూర్ ఉంది. అటు భూపాలపల్లి జిల్లాలో ఘనపూర్ ములుగు ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మూడూ ఒకే గొడుగు కింద ఉండేవి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కూడా స్టేషన్ ఘనపూర్, లింగాల ఘనపూర్ రెండూ జనగామ జిల్లాలోకే వచ్చాయి. అంటే, ముందున్న ఆ 'లింగాల' అలంకారం కాదు. అది లేకపోతే ఉత్తరం ఒక ఊరికి, పెళ్ళివారు ఇంకో ఊరికి!

ఈమ్యాక్స్ లిస్ప్‌లో పేర్ల కథ అచ్చం ఇంతే. అందులో ఏ పేరైనా మొత్తం ఊరంతటికీ ఒక్కటే. ఒకరు 'వెతుకు' అని ఒక పనికి పేరు పెడితే, ఇంకొకరు కూడా 'వెతుకు' అని పెడితే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. ఎవరూ హెచ్చరించరు. అందుకే ఆ భాష రాసేవాళ్ళు ప్రతి పేరు ముందూ తమ ఇంటిపేరు లాంటి ఒక గుర్తు తగిలించడం ఆచారంగా పెట్టుకున్నారు. పైథాన్‌లో ఆ బాధ లేదు. ఏ గదిలో పేరు ఆ గదిదే. పక్క గదిలో అదే పేరున్నా గొడవ రాదు.

ఇప్పుడు పైథాన్ గదిలోని పేరును లిస్ప్ ఊళ్ళోకి తీసుకురావాలి. గదిలో పొట్టిగా పిలుచుకున్న పేరు ఊళ్ళోకి వచ్చాక ఎవరినో తోసేస్తుంది. కాబట్టి దుబాసీ నేర్వాల్సిన మొదటి పాఠం, మనిషిని తీసుకొచ్చేటప్పుడు ఇంటిపేరుతో సహా తీసుకురావాలి. ముద్దుపేర్లు ఇంటి గడప దాకానే.

లేదు, కాదు, వద్దు

పేర్లు సర్దుకున్నాక మాటల అర్థాలతో అసలు పేచీ మొదలవుతుంది.

ఇంగ్లీషులో 'నో' అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. తెలుగులో అలా కుదరదు. 'ఇంట్లో బియ్యం ఉన్నాయా?' అంటే 'లేవు'. 'ఇది మీ గొడుగా?' అంటే 'కాదు'. 'ఇంకొంచెం అన్నం పెట్టమంటావా?' అంటే 'వద్దు'. మూడూ వేరు. అన్నం వడ్డించే అత్తగారితో 'వద్దు' అనబోయి 'లేదు' అంటే ఆవిడ అయోమయంగా చూస్తుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే దుబాసీ 'నో' వినగానే ఆగి, ఇది ఏ 'నో' అని ఆలోచించాల్సిందే. పైకి కనిపించే మాటలో ఆ సమాచారం లేదు. సందర్భంలో ఉంది.

లిస్ప్, పైథాన్‌ల మధ్య సరిగ్గా ఇదే పేచీ. ఈమ్యాక్స్ లిస్ప్‌లో 'నిల్' అని ఒక మాట ఉంది. 'అబద్ధం' అన్నా నిల్లే. 'ఖాళీ జాబితా' అన్నా నిల్లే. 'ఏమీ లేదు' అన్నా నిల్లే. పైథాన్‌లో వీటికి మూడు వేర్వేరు వస్తువులున్నాయి. అబద్ధానికి 'ఫాల్స్', ఏమీ లేకపోవడానికి 'నన్', ఖాళీ జాబితాకు ఒట్టి చదరపు బ్రాకెట్లు. లిస్ప్ నుంచి నిల్ బయల్దేరితే అవతలి ఒడ్డున అది ఏ రూపంలో దిగాలి?

'ఈ విద్యార్థికి ఎన్ని సబ్జెక్టులు తప్పాయి?' అని అడిగితే ఖాళీ జాబితా వచ్చిందనుకోండి. అన్నీ పాసయ్యాడని అర్థం. 'నన్' వచ్చిందనుకోండి. ఫలితాలే రాలేదని అర్థం. ఒకటి మిఠాయిలు పంచే కబురు. రెండోది ఇంకా గుండె దడదడలాడే కబురు. దుబాసీ రెంటినీ నిల్ అని చేరవేస్తే ఫలితాలు రానివాడి ఇంట్లో కూడా మిఠాయిలు పంచేస్తారు!

సున్నా సంగతి ఇంకా తమాషా. పైథాన్‌లో నిజమా అబద్ధమా అని చూసేచోట సున్నా అబద్ధం కింద లెక్క. లిస్ప్‌లో నిల్ తప్ప ప్రతిదీ నిజమే, సున్నాతో సహా. అంటే ఒకే ప్రశ్నకు, ఒకే సున్నాకు, ఒడ్డు మారగానే జవాబు తిరగబడుతుంది. తప్పు ఇటువైపు లేదు, అటువైపు లేదు. ఎవరి భాషలో వాళ్ళు నూటికి నూరుపాళ్ళు కరెక్టే. తప్పంతా నడుమ దారిలో పుడుతుంది. అందుకే ఇలాంటి తప్పులు పట్టుకోవడం కష్టం. ఈ ఇంట్లో వెతికినా దొరకవు, ఆ ఇంట్లో వెతికినా దొరకవు. అనుభవమున్న వాళ్ళు వెతికేది గుమ్మం దగ్గర.

ఇప్పటి ఈమ్యాక్స్‌లో దీనికో మార్గం పెట్టారు. బయటి నుంచి సమాచారం వచ్చేటప్పుడు 'లేదు'కు ఒక గుర్తు, 'కాదు'కు ఒక గుర్తు విడివిడిగా ఇస్తారు. అన్నింటినీ నిల్‌లో కలిపేయరు. తెలుగు తల్లి తన బిడ్డకు మూడేళ్ళ వయసులోనే నేర్పే తేడాను కంప్యూటర్‌కు నేర్పడానికి మనుషులు ఇంత యాతన పడ్డారన్నమాట!

చెప్పుల స్టాండు టోకెన్

అంకెలు, మాటలు అయితే మార్చి పంపొచ్చు. మరి మార్చడానికి వీల్లేని వస్తువులుంటే? పైథాన్‌లో ఒక పెద్ద డేటాబేస్‌కు తెరిచిన దారి ఉందనుకోండి. దాన్ని లిస్ప్‌లోకి 'అనువదించడం' కుదరదు. బావిని ఎత్తుకొచ్చి పెరట్లో పెట్టుకోలేరు కదా.

దీనికి కెనడావాసి ఫ్రాన్స్వా పినార్ రాసిన 'పైమ్యాక్స్' ఒక చక్కని ఉపాయం చూపింది. ఈమ్యాక్స్‌నూ పైథాన్‌నూ కలిపిన పాత వంతెనల్లో పేరున్నది అదే. దాని ఉపాయం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. గుడికి వెళ్ళినప్పుడు చెప్పులు స్టాండులో ఇస్తే చేతిలో ఒక టోకెన్ పెడతారు. చెప్పులు గుళ్ళోకి రావు. టోకెన్ వస్తుంది. తిరిగొచ్చి టోకెన్ ఇస్తే మన చెప్పులు మనకు. పైమ్యాక్స్ కూడా అంతే. పైథాన్ వస్తువును పైథాన్ ఇంట్లోనే ఉంచి లిస్ప్‌కు ఒక నంబరు ఇస్తుంది. లిస్ప్ ఆ నంబరు చూపించి 'దీనితో ఫలానా పని చెయ్యి' అంటే పైథాన్ అసలు వస్తువు తీసి పని చేసి జవాబు పంపుతుంది. అటు నుంచి ఇటు కూడా ఇదే పద్ధతి.

ఎంత తెలివైన ఏర్పాటైనా ఒక బాధ్యత తెచ్చిపెడుతుంది. జాతరనాడు వందలమంది టోకెన్లు జేబులో వేసుకుని అటే ఇళ్ళకు వెళ్ళిపోయారనుకోండి. చెప్పులు స్టాండులో అలాగే ఉంటాయి. సాయంత్రానికి కొత్తగా వచ్చేవాళ్ళకు చోటుండదు. ప్రోగ్రాముల్లోనూ అదే జరుగుతుంది. ఇక అక్కరలేని వస్తువుల టోకెన్లు వాపసు రాకపోతే పైథాన్ వాటిని పారేయలేదు. జ్ఞాపకశక్తి నిండిపోతుంది. ఉదయం చురుగ్గా ఉన్న ఎడిటర్ సాయంత్రానికి కాళ్ళీడుస్తుంది. పైమ్యాక్స్ ఆ పనీ చూసుకునేది. లిస్ప్ వైపు టోకెన్‌ను ఎవరూ వాడటం లేదని తేలగానే 'ఇక దాన్ని తీసేయొచ్చు' అని అవతలికి కబురు పంపేది. ఇచ్చినదాన్ని గుర్తుపెట్టుకోవడం ఒక ఎత్తయితే, ఎప్పుడు వదిలేయాలో తెలుసుకోవడం ఇంకో ఎత్తు!

జవాబు వచ్చేసరికి ఇల్లు మారితే

ఇంకో చిక్కు కాలంతో. లిస్ప్ ఒక ప్రశ్న వేసి జవాబు కోసం అలా నిలబడిపోతే, ఆ కాసేపూ ఎడిటర్ కొయ్యబారిపోతుంది. మీట నొక్కితే అక్షరం పడదు. అరసెకను ఆగినా రాసేవాడికి చిర్రెత్తుకొస్తుంది. అందుకే కొత్త తరం వంతెనలు ఉత్తరాల పద్ధతి పట్టాయి. ప్రశ్న మీద ఒక నంబరు వేసి పంపేస్తారు. పని ఆపరు. జవాబు అదే నంబరుతో ఎప్పుడొస్తే అప్పుడు అందుకుంటారు.

అక్కడ మరో సూక్ష్మం. ప్రశ్న వెళ్ళి జవాబు వచ్చేలోగా రాసేవాడు ఊరుకోడు. రెండు లైన్లు చెరిపేసి ఉంటాడు. 'పదో లైనులో తప్పుంది' అని జవాబు వస్తుంది. పదో లైను ఇప్పుడు ఎనిమిదో లైను! ఇల్లు మారాక పాత చిరునామాకు వచ్చిన ఉత్తరం లాంటిదన్నమాట. అందుకే రాసిన కాయితానికి ప్రతి మార్పుకూ ఒక వరస సంఖ్య వేస్తారు. 'మీరు పంపిన ఐదో ప్రతిని బట్టి ఈ జవాబు' అని అవతలివాడు చెబితే, 'నా దగ్గర ఉన్నది ఏడో ప్రతి, ఈ జవాబు పనికిరాదు' అని ఇవతలివాడు పక్కన పెట్టేస్తాడు.

ఇంట్లో కూడా ఇలా జరగదూ? ఐదేళ్ళ కిందటి కొడుకును మనసులో పెట్టుకుని తల్లి మాట్లాడుతుంది. పదేళ్ళ కిందటి ఊరును మనసులో పెట్టుకుని కొడుకు సలహా ఇస్తాడు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. ప్రతి పాతది, అంతే.

'స్త్రీ'లో ఎన్ని అక్షరాలు?

ఈ వంతెన పనిలో తెలుగుకే ప్రత్యేకమైన ఒక మెలిక ఉంది. 'స్త్రీ' అని రాసి ఎన్ని అక్షరాలని బడిపిల్లవాణ్ణి అడగండి. ఒకటే అంటాడు. సత్యం. కానీ కంప్యూటర్లన్నీ పాటించే యూనికోడ్ పద్ధతిలో దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు ముక్కలుగా దాచుకుంటారు. ఆ ఆరింటినీ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఫైలులో భద్రపరిస్తే ఒక్కో ముక్కకు మూడు చొప్పున 18 బైట్లు. అంటే కంటికి 1, పైథాన్‌కు 6, ఫైలుకు 18!

ఇప్పుడు ఒక ప్రోగ్రాము 'ఈ లైనులో ఏడో చోట తప్పుంది' అంటే ఏ లెక్కన ఏడు? ఇంగ్లీషు అక్షరాలకు ఈ లెక్కలన్నీ ఒకటే వస్తాయి. కాబట్టి ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి చూసినవాడికి తప్పు కనబడదు. తెలుగులో రాసిన ఒక్క వాక్యం చాలు, ఎర్రగీత పోయి పక్క మాట కింద పడటానికి. పైగా ఒక ప్రోగ్రాము లైన్లను ఒకటి నుంచి లెక్కపెడితే, ఇంకొకటి సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఒకరికి 'మొదటి లైను' ఇంకొకరికి 'సున్నా లైను'.

తెలుగును యంత్రాలకు అలవాటు చేసినవాళ్ళు ఇలాంటి వంతెనలు ముందే కట్టారు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు విద్యార్థులకు తెరమీద తెలుగు లిపి దొరకలేదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. అయితే ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే చదివేవాడికి నరకం. రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతి దానికో కట్టుబాటు తెచ్చింది. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు గుర్తో తేల్చేసింది. తరవాత 2000లలో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఆ పద్ధతినే ఇంటింటికీ తెచ్చింది. నేడు సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు మెసేజ్ పంపే ప్రతి ఇల్లాలూ అలాంటి వంతెన మీదే నడుస్తోంది.

బడిలో నల్లబల్ల

రెండిళ్ళ మధ్య ఒక తలుపు సరే. ఇళ్ళు పది, భాషలు ఇరవై అయితే? ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడిగా వంతెన కట్టాలంటే 200 వంతెనలు. కట్టేవాడెవడు, బాగుచేసేవాడెవడు? చాలాకాలం పాటు జరిగింది మాత్రం అదే. ఎవరి గోల వారిదే.

ఈ ముడి విప్పే ఆలోచనకు ఒక పాత ఉదాహరణ తెలుగువాడి పనిలోనే కనిపిస్తుంది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరారు. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ. లిస్ప్ భాషను 1958లో రూపొందించింది ఆయనే! 1966లో డాక్టరేట్ అందుకున్న రాజ్‌రెడ్డి తరవాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే పనిలో దిగారు. 1970లలో ఆయన బృందం చేసిన 'హియర్‌సే-2' దాని ఫలితం.

మాట వినడమంటే ధ్వని తెలిసినవాడు, పదాలు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, విషయం తెలిసినవాడు... అందరూ కలవాలి. వీళ్ళందరికీ ఒకరితో ఒకరికి నేరుగా సంబంధం పెడితే చిక్కుముడే. ఆ బృందం ఏం చేసిందంటే, మధ్యలో ఒక నల్లబల్ల పెట్టింది. పేరు కూడా అదే, 'బ్లాక్‌బోర్డ్'. ఎవరికి తోచిన ఊహ వాళ్ళు బల్లమీద రాస్తారు. మిగతావాళ్ళు అది చూసి తమకు తెలిసింది చేరుస్తారు, పనికిరాని ఊహలు వెనక్కి పోతాయి. ఎవరూ ఎవరి భాషా నేర్చుకోనక్కరలేదు. బల్లమీద రాసే పద్ధతి ఒక్కటి తెలిస్తే చాలు. కృత్రిమ మేధలో కృషికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రాజ్‌రెడ్డి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదిగా చెప్పుకునే బహుమతి అది.

ఎడిటర్ల లోకానికి అలాంటి ఉమ్మడి కట్టుబాటు 2016లో వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ సారథ్యంలోని మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ అనే సంస్థలతో కలిసి 'లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్' ప్రకటించింది. దాని సారం ఇంతే. ప్రతి భాష తరఫున ఒక జవాబుదారు ఉంటాడు. ప్రతి ఎడిటరూ ఒకే తీరులో ప్రశ్న అడుగుతుంది. 'ఈ పేరు ఎక్కడ పుట్టింది?' 'ఇక్కడ ఏమేం రాయొచ్చు?' పది ఎడిటర్లు, ఇరవై భాషలకు 200 వంతెనలు అక్కరలేదు. ఎవరి మెట్లు వాళ్ళు కట్టుకుంటే 30తో సరి. నలభై ఏళ్ళు దాటిన ఈమ్యాక్స్ కూడా ఈ కట్టుబాటుకు తలొగ్గింది. 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి ఆ సదుపాయం అందులోనే ఉంటోంది. అక్షరాలు లెక్కపెట్టే తగాదా కూడా ఈ పద్ధతిలో 2022లో ఒక దారికొచ్చింది. పని మొదలుపెట్టే ముందే 'నువ్వు ఏ లెక్కన లెక్కపెడతావు?' అని ఇరుపక్షాలూ మాట్లాడుకునే వీలు కల్పించారు. పెళ్ళిమాటల్లో పెట్టుపోతలు ముందే తేల్చుకున్నట్టు!

పడగొట్టాలా, కలపాలా?

ఇన్ని యాతనలెందుకు, పాతదాన్ని పడగొట్టి అంతా ఒకే భాషలో కొత్తగా రాసుకుంటే పోలేదా? ఉడుకునెత్తురు కుర్రాళ్ళు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అడిగే ప్రశ్న ఇది. జవాబు అనుభవం చెబుతుంది. లెక్కల పనిలో పైథాన్ ఇంత వాడుకలోకి రావడానికి ఒక కారణం, అది పాతవాళ్ళను తరిమేయకపోవడం. 1957లో మార్కెట్లోకి వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో దశాబ్దాల పాటు గణితవేత్తలు రాసి, సరిచూసి, దిద్దిన 'లాపాక్' లాంటి గణిత సామగ్రిని అది వంతెన వేసి వాడుకుంది. నేడు జనగామలో డిగ్రీ చదివే అమ్మాయి పైథాన్‌లో ఒక లెక్క చేయిస్తే, లోపల ఎక్కడో ఆమె పుట్టక ముందు రాసిన ఫోర్ట్రాన్ పద్ధతి పని చేస్తూ ఉండొచ్చు. ఆ అమ్మాయికి ఫోర్ట్రాన్ రాకపోయినా దాని విద్య అందింది.

పాత ప్రోగ్రాములో ఉండేది రాతలు మాత్రమే కాదు. ఎన్నో ఏళ్ళుగా ఎదురైన తప్పులకు చేసిన మరమ్మతులు. ఎందుకు చేశారో ఎక్కడా రాసి ఉండదు. పడగొడితే అవన్నీ పోతాయి. మళ్ళీ ఒక్కో దెబ్బా తిని నేర్చుకోవాలి. అలాగని ఉత్త వంతెనలతోనే కాలం గడపడమూ కుదరదు. వంతెనకు కాపలా కావాలి. అటు భాష మారినా, ఇటు భాష మారినా ముందు పగుళ్ళిచ్చేది వంతెనే. ఎవరూ పట్టించుకోని వంతెనలు కూలిపోయిన కథలు ఆ లోకంలో బోలెడు.

జనగామ ప్రాంతానికి రెండు భాషల మధ్య నిలబడటం కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర ఈ జిల్లాలోనివే. సోమనాథుడు సంస్కృతం, తెలుగు, కన్నడం మూడింటిలోనూ కలం నడిపినవాడు. పోతన సంస్కృత భాగవతాన్ని తెలుగు చేస్తూ తనకు ఇష్టమైన చోట ఆగి విస్తరించాడు. కవికి ఆ చనువు ఉంది. దుబాసీకి లేదు. ఉన్నది ఉన్నట్టు చేర్చడం, చేర్చలేనప్పుడు 'ఇక్కడ మాట ఆగింది' అని ఒప్పుకోవడం వాడి ధర్మం. మంచి వంతెన ప్రోగ్రాముకు ముఖ్య లక్షణం కూడా ఇదే. అవతల తప్పు జరిగితే దాన్ని మింగేయదు. ఏ తప్పు, ఎక్కడ జరిగిందో ఇవతలికి చెబుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఎదిగిన 'అనుసారక' అనే అనువాద పద్ధతి సూత్రమూ అదే. యంత్రానికి తేలనిచోట ఊహించి అందంగా రాసేయకుండా, మూలంలో ఉన్నదాన్ని కనబడనిచ్చి నిర్ణయం చదివేవాడికే వదులుతుంది.

ఇది ప్రోగ్రాములకే పరిమితమైన సంగతి కాదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు రావాలి. రాకపోతే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ గది తలుపు దగ్గరే పల్లె పిల్లలు ఆగిపోతారు. ఆ బాధ అనుభవించిన తల్లిదండ్రులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఇంగ్లీషు తేవడానికి తెలుగును పడగొట్టాలా? లేదు, కాదు, వద్దు అనే తేడా తెలిసిన బుర్ర, నిల్‌కు మూడు అర్థాలున్నాయని వినగానే 'ఓ, అంతేనా' అంటుంది. అది ఆ పిల్లవాడికి అమ్మ ఉచితంగా ఇచ్చిన సామగ్రి. దాన్ని పారేసి వెళ్ళినవాడు అవతలి ఒడ్డున ఖాళీ చేతులతో దిగుతాడు.

ఆ ఏడాది నుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు తరగతులకు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చువేశారు. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. బడిపిల్ల వేలు ఈ పేజీలో ఒక వాక్యం మీద ఆగుతుంది. కళ్ళు ఆ పేజీకి వెళ్ళి, వెతికి, మళ్ళీ ఇటు వస్తాయి. అర్థమైందని తల ఊపుతుంది. ఇంటికొచ్చి ఆ పాఠమేంటో నాయనమ్మకు చెప్పగలిగితే, వంతెన రెండు వైపులా నడుస్తున్నట్టే.